‘లాంగ్వేజ్ పీరియడే కదా’ అనే ముందు ఒక్క మాట



పేరెంట్స్ మీటింగుల్లో ఇంగ్లీష్ టీచర్ దగ్గరకు రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. మొదటిది అందరి ముందూ అడిగేది: “మేడమ్, మావాడికి మ్యాథ్స్‌లో ఇంకాస్త ప్రాక్టీస్ కావాలి. లాంగ్వేజ్ పీరియడ్లు వారానికి రెండు తగ్గించి ఫౌండేషన్ క్లాసుకు ఇవ్వొచ్చు కదా?” రెండోది పక్కన ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడిగేది. ఎక్కువగా తల్లులే అడుగుతారు: “నేను కూడా బీఈడీ చేశాను మేడమ్. పాప పుట్టాక మానేశాను. మళ్లీ ఏదైనా మొదలుపెడదామంటే టీచింగ్ తప్ప నాకేం వస్తుంది?”

ఈ రెండు ప్రశ్నల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. భాష బాగా వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు, వచ్చినా అది టీచర్ ఉద్యోగమే అవుతుంది అని. ఈ నమ్మకంతోనే మనం పిల్లల టైమ్‌టేబుల్ వేస్తున్నాం, మన చదువుకు మనమే తక్కువ విలువ కడుతున్నాం. ఇది ఎంతవరకు నిజమో ఒక కొత్త వృత్తిని చూసి ఆలోచిద్దాం. ఆ వృత్తి పేరు యూఎక్స్ రైటింగ్.

ఫోన్ తెరిస్తే కనిపించే పని

మీ ఫోన్‌లో ఏదైనా యాప్ తెరవండి. కరెంటు బిల్లు కట్టేది కావచ్చు, బస్సు టికెట్ బుక్ చేసేది కావచ్చు. రంగులు, బొమ్మలు వదిలేసి మాటలు మాత్రమే చదవండి. బటన్ మీద ఒకటి రెండు మాటలు. ఖాళీ గడి పైన ఒక మాట. తప్పు నంబరు కొడితే ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం. పని పూర్తయితే పచ్చ టిక్కు పక్కన ఇంకో వాక్యం. ఇవి వాటంతట అవి పుట్టవు. ఎవరో ఒకరు కూర్చుని, ఆలోచించి, నాలుగైదు సార్లు తిరగరాసి పెడతారు. ఆ పనే యూఎక్స్ రైటింగ్.

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియెన్స్. ఒక వస్తువునో, ఒక యాప్‌నో వాడేటప్పుడు మనిషికి ఎదురయ్యే అనుభవం. 1990లలో యాపిల్ కంపెనీలో పనిచేసిన డాన్ నార్మన్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. ‘యూఎక్స్ రైటర్’ అనే ఉద్యోగం పేరు మాత్రం గత పదేళ్లలోనే బాగా వినిపిస్తోంది. కొన్ని కంపెనీల్లో ఇదే పని చేసేవారిని కంటెంట్ డిజైనర్ అంటారు.

రెండు మాటల కోసం ఒక మనిషికి జీతమా అని మీకు అనిపించవచ్చు. 2017లో గూగుల్ వాళ్లు తమ డెవలపర్ల సమావేశంలో ఒక ఉదాహరణ చెప్పారు. హోటళ్లు వెతికే పేజీలో బటన్ మీద ‘గది బుక్ చేయండి’ అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ మాటలు ఉండేవి. దాన్ని ‘ఖాళీలు చూడండి’ అనే అర్థానికి మార్చారు. ఆ బటన్ వాడకం 17 శాతం పెరిగింది. ఎందుకంటే, అప్పుడే వెతకడం మొదలుపెట్టిన మనిషి ఇంకా బుక్ చేసే ఆలోచనలో ఉండడు. రేటు ఎంతో, గది ఉందో లేదో చూద్దామనుకుంటాడు. మొదటి మాట అతన్ని తొందరపెట్టింది, రెండో మాట అతను ఉన్నచోటికే వచ్చి పలకరించింది.

అమెరికాలో జారెడ్ స్పూల్ అనే నిపుణుడు 2009లో రాసిన మరో ఉదాహరణ ఈ రంగంలో అందరికీ తెలుసు. ఒక పెద్ద ఆన్‌లైన్ షాపులో వస్తువులు బుట్టలో వేసుకున్నాక ‘రిజిస్టర్’ అనే బటన్ వచ్చేది. కొనడానికి వచ్చినవాళ్లకు చిరాకు పుట్టి చాలామంది వెనక్కి వెళ్లిపోయేవారు. ఆ బటన్ తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టారు. కొనడానికి ఖాతా తెరవక్కర్లేదని పక్కనే ఒక చిన్న వివరణ రాశారు. కొనేవాళ్లు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలో అదనంగా వచ్చిన అమ్మకాలు 30 కోట్ల డాలర్లు.

ఇవి అమెరికా లెక్కలు. మన ఇంటి లెక్క కూడా ఒకటుంది. పాత సోఫా అమ్మకానికి పెట్టిన పెద్దాయనకు ఫోన్ వస్తుంది. “డబ్బు పంపుతున్నాను సార్, మీ ఫోన్‌లో రిక్వెస్ట్ వచ్చింది, పిన్ కొట్టండి” అంటాడు అవతలివాడు. తెర మీద వచ్చింది డబ్బు ఇచ్చే రిక్వెస్ట్ కాదు, డబ్బు అడిగే రిక్వెస్ట్. పిన్ కొట్టగానే ఖాతాలోంచి డబ్బు పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పంపడానికే కావాలి. ఈ ఒక్క వాక్యం సరైన చోట, సరైన క్షణంలో, పెద్దాయనకు అర్థమయ్యే భాషలో కనబడిందా లేదా అన్నదాని మీద ఒక నెల పెన్షన్ ఆధారపడి ఉంటుంది. ఇలాంటి మోసాలు ఆగక, వ్యక్తుల మధ్య డబ్బు అడిగే ఈ కలెక్ట్ రిక్వెస్టులనే 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపించేసింది.

కాబట్టి తెర మీది మాట చిన్నదే కానీ, దాని బరువు చిన్నది కాదు.

ఈ పని ఎవరికి వస్తుంది?

కంప్యూటర్ ఇంజినీర్లకే అనుకుంటే పొరపాటు. ఈ రంగంలోకి పాత్రికేయులు, అనువాదకులు, కస్టమర్ కేర్‌లో పనిచేసినవారు, టీచర్లు కూడా వస్తున్నారు. వాళ్లు కొత్తగా నేర్చుకునేవి ఉన్నాయి. కానీ పాత ఉద్యోగం నుంచి వెంట తెచ్చుకునేవి అంతకంటే ఎక్కువ. వీటినే ట్రాన్స్‌ఫరబుల్ స్కిల్స్ అంటారు. కుర్చీ మారినా మనతో వచ్చేసే పనితనం అన్నమాట. నాకు బాగా తెలిసిన టీచర్ పనినే తీసుకుని చెబుతాను.

బీఈడీ చేసినవారందరికీ లెసన్ ప్లాన్ గుర్తుంటుంది. అందులో పాఠం కంటే ముందు వచ్చే గడి పూర్వజ్ఞానం. పిల్లలకు ఇప్పటికే ఏం తెలుసు, ఏం తెలియదు అని రాసుకోకుండా పాఠం మొదలుపెట్టకూడదు. యూఎక్స్ రైటర్ మొదటి పని కూడా సరిగ్గా ఇదే. ఈ తెర ముందుకు వచ్చే మనిషికి ‘కేవైసీ’ అంటే తెలుసా? ‘మాండేట్’ అంటే తెలుసా? తెలియకపోతే ఏ మాట వాడాలి? బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్‌కు రాసేవారికి ఇచ్చిన సూచనల్లో, తొమ్మిదేళ్ల పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగే స్థాయిలో రాయమని ఉంది. పెద్దవాళ్లు చదివే పన్నుల పేజీలకైనా అదే సూచన. నాలుగో తరగతికి పాఠం చెప్పిన టీచర్‌కు ఆ స్థాయి ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

రెండోది ప్రశ్నపత్రం. పేపర్ సెట్ చేసినప్పుడు ఒక్క మాట అటూ ఇటూ అయితే పరీక్ష హాల్లో నలభై చేతులు లేస్తాయి. ‘ఏవైనా ఐదింటికి జవాబులు రాయండి’ అన్నది సెక్షన్ మొత్తానికా, ఆ ప్రశ్న వరకేనా? ఇలాంటి అనుమానం రాకుండా సూచన రాయడం ఏళ్ల తరబడి చేస్తే గానీ రాదు. యాప్‌లో అయితే లేచే చేతులు కనిపించవు. కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లుగా కనిపిస్తాయి.

మూడోది నోట్‌బుక్ కరెక్షన్. ఎర్ర సిరాతో ‘తప్పు’ అని కొట్టేసి వదిలితే పిల్లవాడు మళ్లీ అదే తప్పు చేస్తాడు. ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, ఇప్పుడేం చేయాలి అని మూడు ముక్కలు రాస్తే నేర్చుకుంటాడు. యాప్‌లో వచ్చే ఎర్రర్ మెసేజ్‌కూ ఇదే సూత్రం. ‘లావాదేవీ విఫలమైంది’ అని మాత్రమే రాస్తే చదివిన మనిషికి చెమటలు పడతాయి. డబ్బు పోయిందా, ఉందా? మళ్లీ కట్టాలా, ఆగాలా? ‘బ్యాంకు సర్వర్ స్పందించలేదు. మీ ఖాతాలోంచి డబ్బు కట్ కాలేదు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి’ అంటే అదే చెడ్డ వార్త అయినా మనిషి కుదుటపడతాడు.

నాలుగోది చాలామందికి తెలియని సంగతి. ఇంగ్లీష్ పరీక్షల్లో మీ పిల్లలు రాసే క్లోజ్ టెస్ట్ ఉంది కదా, పేరాలో మధ్య మధ్య మాటలు తీసేసి నింపమనేది. దాన్ని 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రతిపాదించింది పిల్లలకు మార్కులు వేయడానికి కాదు. ఒక రచన చదవడానికి సులువుగా ఉందా, కష్టంగా ఉందా అని కొలవడానికి. అంటే పరీక్ష పాఠకుడికి కాదు, రాసినవాడికి. ఖాళీలు నింపలేకపోతే తప్పు రాతలో ఉందన్నమాట. యూఎక్స్ రైటర్లు తమ వాక్యాలను పరీక్షించుకోవడానికి నేటికీ ఇదే పద్ధతి వాడతారు. ఇంగ్లీష్ టీచర్ చేతిలో ఈ పనిముట్టు ముందునుంచే ఉంది.

టీచర్లకే కాదు. బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని రోజుకు వందమందికి ఫారం ఎలా నింపాలో చెప్పినవారికి, జనం ఏ గడి దగ్గర ఆగిపోతారో తెలుసు. ఆస్పత్రిలో మందుల చీటీ వివరించిన నర్సుకు, భయపడుతున్న మనిషితో ఏ మాట ముందు చెప్పాలో తెలుసు. పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేసినవారికి, సింగిల్ కాలమ్ హెడ్డింగులో పట్టేట్టు మాటలు కుదించడం తెలుసు. మీ అనుభవాన్ని ‘పదేళ్లు గుమాస్తా ఉద్యోగం’ అని రాసుకోకండి. ‘పదేళ్లు కొత్తవారికి కష్టమైన విషయం వివరించిన ఉద్యోగం’ అని రాసుకుంటే అందులో ఏముందో మీకే కనిపిస్తుంది.

వెంట రానివి కూడా ఉన్నాయి

ఒకవైపే చెబితే ప్రకటన అవుతుంది. కాబట్టి రెండో వైపు కూడా.

టీచర్‌కు క్లాసులో చివరి మాట తనదే. కంపెనీలో అలా కాదు. మీరు రాసిన వాక్యాన్ని డిజైనర్ కుదించమంటాడు, లాయర్ పొడిగించమంటాడు, అంకెలు చూసే మేనేజర్ అసలు తీసేయమంటాడు. ఎందుకు ఉంచాలో ఓపిగ్గా వాదించాలి, ఓడిపోతే ఒప్పుకోవాలి. టీచర్లకు వివరించడం అలవాటు. పది నిమిషాల వివరణను పన్నెండు అక్షరాల్లోకి దించడం కొత్తగా నేర్చుకోవాలి. ఫిగ్మా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ తెలియాలి. ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ తరహా ఆఫీసు ఇంగ్లీష్ మర్చిపోవాలి.

ఉద్యోగాల సంగతి కూడా సూటిగా మాట్లాడుకుందాం. అనుభవం లేనివారికి ఇచ్చే పోస్టులు తక్కువ. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. టెక్ రంగంలో జీతం ఎక్కువ అన్నది ఎంత నిజమో, కుర్చీ గట్టిది కాదన్నదీ అంతే నిజం. ఏఐ వచ్చాక బటన్ మీద మాటలు పది రకాలుగా క్షణాల్లో రాసి ఇస్తోంది. కాబట్టి రాయడం ఒక్కటే వచ్చినవారికి ఇక్కడ చోటు తగ్గుతుంది. ఆ పదింటిలో ఏది సరైనదో, ఎవరికి సరైనదో చెప్పగలిగేవారికి పని ఉంటుంది. అది చెప్పాలంటే అవతలి మనిషి తెలియాలి.

అందుకే మారదామనుకునే తల్లులకు, తండ్రులకు నా సలహా ఇది. ఉన్న ఉద్యోగం ఉంటే ముందే రాజీనామా ఇవ్వకండి. వంద శాతం ప్లేస్‌మెంట్ అని ప్రకటించే కోర్సులకు డబ్బు కట్టకండి. సర్టిఫికెట్ కంటే మీరు చేసి చూపించిన పనికే ఇక్కడ విలువ. దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. దానికి మూడు నమూనాలు చాలు. మీ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నోటీసు తీసుకోండి. గ్యాస్ బుక్ చేసే యాప్‌లో మీ అమ్మగారు ఆగిపోయిన తెర తీసుకోండి. మా స్కూల్ ఫీజు పేజీ అయినా తీసుకోండి, మేమేమీ అనుకోం. పాత మాటలు ఒకవైపు, మీరు మార్చినవి ఇంకోవైపు పెట్టండి. ఐదుగురికి చూపించి, పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడండి. ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే రాశారు. వాళ్లు ఎక్కడ ఆగారు, మీరేం మార్చారు, ఎందుకు మార్చారు అని ఒక పేజీ రాయండి. ఇంటర్వ్యూలో అడిగేది ఆ ‘ఎందుకు’ గురించే. ఫిగ్మా విద్యార్థులకు, టీచర్లకు ఉచితంగా దొరుకుతుంది. ఆరు నెలలు వారానికి నాలుగు గంటలు పెట్టి చూడండి. నచ్చకపోతే పోయేదేమీ లేదు. మీరు రాసే ఆఫీసు మెయిల్ అయినా బాగుపడుతుంది.

తెలుగులో ఎవరు రాస్తారు?

ఇప్పుడు పిల్లల సంగతికి వద్దాం. ఇంగ్లీష్ టీచర్‌ని అయినా ఇక్కడ తెలుగు గురించే మాట్లాడాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైచిలుకు. వీళ్లలో ఇంగ్లీష్ చదవడం రానివారి చేతుల్లో కూడా ఇప్పుడు ఫోన్ ఉంది. మరి యాప్‌లో భాషను తెలుగుకు మార్చి చూడండి. మళ్లీ ఇంగ్లీష్‌కే మార్చుకోవాలనిపిస్తుంది. ‘సేవ్’ అన్నదానికి డబ్బు ఆదా చేయడమా, వివరాలు భద్రపరచడమా అని చూడకుండా తర్జుమా చేస్తే ఏమవుతుందో ఊహించండి.

ఇందులో అసలు చిక్కు మన వ్యాకరణంలోనే ఉంది. ‘ఫలానావారికి 500 రూపాయలు పంపారు’ అనే వాక్యం తీసుకోండి. పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలితే కంప్యూటర్ నింపుతుంది. ఇంగ్లీష్‌లో ఇబ్బంది లేదు, ‘టు’ అన్నది ఎవరి పేరు ముందైనా మారదు. తెలుగులో? రవి అయితే ‘రవికి’. సీత అయితే ‘సీతకు’. ఇ, ఈ, ఐలతో ముగిసే పేరుకు ‘కి’, మిగతావాటికి ‘కు’ అన్నది ఆరేడు తరగతుల్లో విభక్తి పాఠంలో మీరూ చదువుకున్నదే. అది తెలియని కంప్యూటర్ ‘రవి కు’ అని రాస్తుంది. ‘1 రోజులు మిగిలాయి’ అంటుంది. ఒకటైతే ‘రోజు మిగిలింది’, ఐదైతే ‘రోజులు మిగిలాయి’. నామవాచకమే కాదు, క్రియ కూడా మారాలి. తెలుగు బాగా వచ్చిన రచయిత ఉంటే వాక్యాన్నే తిప్పి రాస్తారు: ‘500 రూపాయలు పంపారు. అందుకున్నవారు: రవి.’ విభక్తి గొడవే ఉండదు. ఇది సాఫ్ట్‌వేర్ తెలివి కాదు. తెలుగు పీరియడ్ పెట్టిన భిక్ష.

మరి మనం ఏం చేస్తున్నాం? తెలంగాణలో 2018లో చట్టం చేసి మరీ స్కూళ్లలో తెలుగు తప్పనిసరి చేశారు. పదో తరగతి దాటగానే ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని సంస్కృతం తీసుకుంటున్నాం. సంస్కృతం మీద ఇష్టంతో తీసుకుంటే సంతోషమే. కానీ చాలామంది పిల్లలు ఆ భాషలో ఒక్క వాక్యం సొంతంగా రాయకుండానే తొంభై దాటిన మార్కులతో బయటికి వస్తున్నారు. తెలుగు అక్కడితో ఆగిపోతుంది. ఇంగ్లీష్‌లో గైడ్ చూసి రాసిన వ్యాసాలే మిగులుతాయి. ఇలా రెండు భాషల్లో చదివి, ఏ భాషలోనూ నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేని స్థితికి పిల్లలు వస్తే, ఆ లోటు ర్యాంకు కార్డులో కనిపించదు. మొదటి ఉద్యోగంలో మొదటి మెయిల్ రాసేటప్పుడు కనిపిస్తుంది.

మీ లెక్క నాకు తెలియక కాదు. జేఈఈలో తెలుగుకు మార్కులు లేవు. ర్యాంకు వస్తే ఒక తలుపు తెరుచుకుంటుంది. కట్టే ఫీజు చిన్నది కాదు, దాని వెనక మీ ఓవర్‌టైమ్ ఉంది, కొన్ని ఇళ్లలో బంగారం కూడా ఉంది. మ్యాథ్స్ తగ్గించమని నేను అడగడం లేదు. మ్యాథ్స్ కోసం భాషను కోయవద్దని మాత్రమే అడుగుతున్నాను. ఇంజినీర్ అయినా తను కట్టినదాన్ని ఇంకొకరికి వివరించాలి. డాక్టర్ అయినా రోగికి అర్థమయ్యేట్టు చెప్పాలి. మీ పిల్లలు యూఎక్స్ రైటర్ కావాలని నేను అనడం లేదు. వాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చేసరికి ఆ పేరే ఉండకపోవచ్చు. ఇప్పుడున్న యూఎక్స్ రైటర్లలో చాలామంది స్కూల్లో ఉన్నప్పుడు ఈ ఉద్యోగం పేరు వినలేదు. పేర్లు మారతాయి. తెలియని మనిషికి తెలిసేట్టు చెప్పగల నేర్పు మాత్రం ఏ పేరుతో పిలిచినా పనికొస్తుంది.

ఇంట్లో చేయించదగ్గ పని

దీనికి ట్యూషన్ అక్కర్లేదు. ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో ఒక కాగితం తీసుకోమనండి. నానమ్మ తన ఫోన్ రీఛార్జ్ తనే చేసుకునేలా తెలుగులో సూచనలు రాయమనండి. ఎనిమిది వాక్యాలు దాటకూడదు. రాశాక కాగితం నానమ్మ చేతికివ్వాలి. రాసినవారు పక్కనే కూర్చోవాలి కానీ నోరు విప్పకూడదు. నానమ్మ ఎక్కడ ఆగిపోతే అక్కడ టిక్కు పెట్టుకుని, ఆ వాక్యం తిరగరాయాలి. రెండోసారి, మూడోసారి. నానమ్మ చదవలేకపోతే పెద్దగా చదివి వినిపించండి, పరీక్ష అదే.

చిన్న తరగతుల పిల్లలైతే కుక్కర్‌లో అన్నం పెట్టడం రాయమనండి. ‘నీళ్లు పోయాలి’ అని రాస్తారు. ఎన్ని అని అడగండి. ‘సరిపడా’ అంటారు. ఎవరికి సరిపడా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న దగ్గర పిల్లలు మొదటిసారి చదివేవాడి గురించి ఆలోచిస్తారు. అక్కడే రాయడం మొదలవుతుంది.

పిల్లల నోట్‌బుక్ చూసేటప్పుడు ‘ఎన్ని మార్కులు?’తో పాటు ‘ఇది ఎవరికోసం రాశావు?’ అని కూడా అడగండి. ‘మేడమ్ కోసం’ అంటే మేం ఇంకా సరిగా నేర్పలేదని అర్థం.

ఇంట్లో ఇంకో మాట విషయంలో కూడా జాగ్రత్త పడదాం. ‘ఏమీ రాకపోతే టీచర్ అవ్వొచ్చులే’, ‘అమ్మకి ఇంటి పని తప్ప ఏమొచ్చు’ లాంటివి సరదాకే అంటాం. పిల్లలు సరదాగా వినరు. వివరించడం, ఓపిక పట్టడం, అవతలివారి వైపు నుంచి ఆలోచించడం విలువలేని పనులని నేర్చుకుంటారు. తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా వాళ్లకు కావాల్సినవి అవే.

ఈ వ్యాసం చదివి నేను స్కూల్ మానేస్తున్నానేమో అనుకోకండి. క్లాసులోనే ఉంటాను. వెళ్లాలనుకునే తోటి టీచర్లను, వెళ్లిన టీచర్లను తప్పుపట్టను కూడా. మంచి టీచర్లు ఉండిపోవాలంటే వాళ్లకు వేరే దారి లేకపోవడం కారణం కాకూడదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీట్ తీసుకున్నాక మమ్మల్ని ఒక ప్రశ్న అడగండి: “ఈ నెలలో మా పాప గైడ్ చూడకుండా, బోర్డు చూడకుండా, సొంతంగా ఎన్నిసార్లు రాసింది? ఆ కాగితాలు చూపిస్తారా?” ఇంగ్లీష్ టీచర్‌నీ అడగండి, తెలుగు టీచర్‌నీ అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే ఆ పీరియడ్‌ను మేం ఎవరికీ వదులుకోం.